రెండో ప్రాధాన్యత ఓటు వేయాలా, వద్దా? పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నిక గురించి అడుగుతున్నాను

సూర్యాపేట_శ్రావణి

అందరికీ నమస్కారం. మా వరంగల్–ఖమ్మం–నల్లగొండ పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నిక మళ్లీ వచ్చేసరికి ఓటు నమోదు చేయించుకోవాలని అనుకుంటున్నాను. అసెంబ్లీకీ, పార్లమెంటుకీ ఓటేశాను గానీ ఇది కొత్త. మా ఆఫీసులో అడిగితే తలా ఒక మాట చెబుతున్నారు. 'ఒకటి అని ఒక్కరికే వెయ్యి, రెండు కూడా వేస్తే మనవాడికే దెబ్బ' అంటారొకరు. 'కనీసం మూడు అంకెలైనా వేయకపోతే ఓటు చెల్లదు' అంటారింకొకరు. పోయినసారి ప్రచారానికి వచ్చినవాళ్లయితే మా అక్కతో, రెండో అంకె రాస్తే మొదటిది రద్దవుతుందని చెప్పి వెళ్లారట. ఇందులో ఏది నిజం? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

లెక్కల_మాస్టారు

శ్రావణీ, మూడూ తప్పేనమ్మా. నేను లెక్కల టీచరుగా చేసి రిటైరయ్యాను. ఎమ్మెల్సీ కౌంటింగ్ డ్యూటీ కూడా చేశాను కాబట్టి చూసిందే చెబుతున్నాను.

ఈ ఎన్నికలో ఈవీఎం ఉండదు. కాగితం బ్యాలెట్. దాని మీద పార్టీ గుర్తులు ఉండవు. పేరు, ఫోటో, పక్కన ఖాళీ గడి. నీకు అందరికన్నా నచ్చినవాళ్ల గడిలో 1 వేయాలి. ఇది తప్పనిసరి. తర్వాత 2, 3, 4 అనేవి నీ ఇష్టం. ఎంతమంది పోటీలో ఉంటే అంతవరకూ వేసుకోవచ్చు, 1 దగ్గరే ఆపేయనూ వచ్చు. ఆపినంత మాత్రాన ఓటు చెల్లకుండా పోదు.

లెక్కింపు ఇలా ఉంటుంది. ముందు చెల్లని ఓట్లు తీసేస్తారు. చెల్లిన ఓట్లలో సగం, దానికి ఒకటి కలిపితే వచ్చేది కోటా. మొదటి ప్రాధాన్యతతోనే ఎవరికైనా కోటా వస్తే అక్కడితో అయిపోయింది. రాకపోతే అందరికన్నా తక్కువ వచ్చిన అభ్యర్థిని ఎలిమినేట్ చేసి, ఆ అభ్యర్థి కట్టలోని ఒక్కో బ్యాలెట్ మీద 2 ఎవరికుందో చూసి వాళ్లకు చేరుస్తారు. తర్వాత మళ్లీ అట్టడుగున ఉన్నవాళ్లు. ఎవరో ఒకరు కోటా దాటేదాకా, లేదా చివరికి ఒక్కరే మిగిలేదాకా ఇదే పని.

ముఖ్యమైన సంగతి ఇక్కడుంది. నువ్వు 1 వేసిన అభ్యర్థి పోటీలో ఉన్నంతసేపూ నీ 2 వంక ఎవరూ చూడరు. ఆ అభ్యర్థి బయటికి పోయాకే దాని అవసరం వస్తుంది. అలాంటప్పుడు అది నీ మొదటి అభ్యర్థికి నష్టం ఎట్లా చేస్తుంది? చేయలేదు. ఇంటింటికీ తిరిగి ఈ అబద్ధం చెప్పేవాళ్ల మీద నాకు నిజంగా కోపం. ఓటు అడగొచ్చు, బతిమాలొచ్చు. ఓటు పనిచేసే తీరు గురించే తప్పు చెప్పడం మాత్రం ఓటరును మోసం చేయడమే.

నీలగిరి_నర్సన్న

మాస్టారు చెప్పిన లెక్క సరైందే. కానీ నేను ఒక్క అంకెతోనే ఆపుతాను, తెలిసే ఆపుతాను. నేను మెచ్చిన మనిషి ఓడిపోతే మిగిలేది రెండు పెద్ద పార్టీల వాళ్లే. ఇద్దరిలో ఎవరు గెలిచినా నాకు ఒకటే అయినప్పుడు నా కాగితం వాళ్లలో ఒకరి లెక్కలోకి ఎందుకు పోవాలి? 'మీరిద్దరూ నాకు వద్దు' అని చెప్పడానికి నాకున్న దారి అదొక్కటే.

లెక్కల_మాస్టారు

నర్సన్నగారూ, అది మీ హక్కు, కాదనను. అయితే ఇద్దరూ సరిగ్గా ఒకటే అనిపించేవాళ్లు ఎంతమంది ఉంటారు? 2025 కరీంనగర్–నిజామాబాద్–ఆదిలాబాద్–మెదక్ పట్టభద్రుల ఎన్నిక లెక్క ఒకసారి చూడండి.

పోటీలో 56 మంది. పోలైనవి 2,52,029 ఓట్లు. అందులో చెల్లనివి 28,686. చెల్లినవి 2,23,343, అంటే కోటా 1,11,672. మొదటి ప్రాధాన్యతలో బీజేపీ అభ్యర్థి అంజిరెడ్డికి 75,675, కాంగ్రెస్ అభ్యర్థి నరేందర్ రెడ్డికి 70,565, బీఎస్పీ తరఫున నిలబడ్డ ప్రసన్న హరికృష్ణకు 60,419. కోటాకు ఎవరూ దగ్గర్లో లేరు. ఒక్కొక్కరినీ ఎలిమినేట్ చేసుకుంటూ వచ్చి చివరికి ఇద్దరే మిగిలారు. అంజిరెడ్డికి 98,637, నరేందర్ రెడ్డికి 93,531. తేడా 5,106.

ఆ రెండంకెలూ కలపండి. 1,92,168 వస్తుంది. చెల్లిన ఓట్లేమో 2,23,343. మధ్యలో 31 వేల పైచిలుకు కాగితాలు ఏమయ్యాయి? వాటి మీద ఈ ఇద్దరిలో ఎవరికీ అంకె లేదు. చివరి పోటీ నడుస్తుంటే అవి కట్టకట్టి పక్కన పెట్టి ఉన్నాయి. కోటా దాటకుండానే గెలుపు తేలిందంటే కారణం అదే. అయిదు వేల తేడాతో తేలిన ఎన్నికలో 31 వేల మంది చివరి మాట చెప్పకుండా లేచిపోయారు. అందరూ మీలా ఆలోచించే ఆపారంటారా? సగం మందికి ఆ అవకాశం ఉందనే తెలియదని నా నమ్మకం.

అనంత_సీమ

మా పశ్చిమ రాయలసీమలో 2023 మార్చిలో ఏం జరిగిందో చెప్తాను. మొదటి ప్రాధాన్యత ఓట్లలో వైఎస్సార్సీపీ అభ్యర్థి వెన్నపూస రవీంద్రారెడ్డి ముందున్నారు. ఆ లెక్కతోనే ఆపేస్తే ఆయనే ఎమ్మెల్సీ. కానీ కోటా రాలేదు. వామపక్షాలు బలపరిచే పీడీఎఫ్ అభ్యర్థి ఎలిమినేట్ అయ్యాక ఆ కట్టలు తెరిచి రెండో ప్రాధాన్యత చూస్తే టీడీపీ అభ్యర్థి భూమిరెడ్డి రాంగోపాల్ రెడ్డి దాటేసి గెలిచారు. అంతకుముందే టీడీపీ, పీడీఎఫ్ రెండో ఓటు ఒకరికొకరు వేయాలని పిలుపు ఇచ్చుకున్నాయి. అనంతపురం జేఎన్‌టీయూలో కౌంటింగ్ జరుగుతుంటే రాత్రంతా టీవీ ముందు కూర్చున్న ఇళ్లు మా వీధిలోనే బోలెడు. అంత టెన్షన్ అసెంబ్లీ ఎన్నికల్లో కూడా చూడలేదు.

కాబట్టి శ్రావణిగారూ, ఆ రెండో అంకె అలంకారానికి పెట్టింది కాదు. మా దగ్గర ఎమ్మెల్సీ ఎవరో తేల్చింది అదే.

గోదారి_గట్టు

అందరూ అంకెల గురించి మాట్లాడుతున్నారు. నా సందేహం అంతకన్నా ముందుది. డిగ్రీ ఉన్నవాడికి వేరే ఓటెందుకు? పొలం దున్నే మా నాన్న అసెంబ్లీకి ఒక్క ఓటే వేస్తాడు. నేను డిగ్రీ చదివినందుకు నాకు అదీ ఉంటుంది, ఇదీ ఉంటుంది. ప్రజాస్వామ్యంలో ఇదేం న్యాయం? పైగా ఈ ఎమ్మెల్సీలు కూర్చునే శాసనమండలి ఒక్కోసారి ఉంటుంది, ఒక్కోసారి ఉండదు. మన ఆంధ్రప్రదేశ్‌లో 1958లో పెట్టారు, 1985లో ఎన్టీఆర్ హయాంలో తీసేశారు, 2007లో వైఎస్ హయాంలో మళ్లీ తెచ్చారు. 2020 జనవరిలో రద్దు చేయాలని అసెంబ్లీ తీర్మానం చేసింది, 2021 నవంబర్‌లో ఆ తీర్మానాన్ని వెనక్కి తీసుకున్నారు.

పాత_పేపర్లు

గోదారిగారి ప్రశ్న సబబైనదే. రాజ్యాంగం 171వ అధికరణం ప్రకారం మండలిలో మూడో వంతు స్థానిక సంస్థల నుంచి, మూడో వంతు ఎమ్మెల్యేల ఓటుతో, పన్నెండో వంతు పట్టభద్రుల నుంచి, పన్నెండో వంతు ఉపాధ్యాయుల నుంచి, మిగతా ఆరో వంతు గవర్నర్ నామినేషన్ ద్వారా వస్తారు. ఇది రాసిన కాలంలో దేశంలో చదవడం రాయడం వచ్చినవాళ్లు 1951 లెక్కల ప్రకారం నూటికి 18 మంది. డిగ్రీ అంటే అరుదైన విషయం. ఇవాళ ఊరికి ఎంతమంది డిగ్రీవాళ్లున్నారో మీకే తెలుసు. మండలి ఉండాలా వద్దా అన్నది అందుకే ఇంకా తేలని వాదం. నా మటుకు నాకు అది ఉండాలనే ఉంది. టీచర్ల సమస్యలు, నిరుద్యోగుల సమస్యలు పట్టుకుని మాట్లాడిన మనుషులు ఆ దారిలోనే సభలోకి వచ్చారు.

ప్రాధాన్యత ఓటు విషయంలో మన తెలుగువాళ్లు మరిచిపోకూడని ఎన్నిక ఇంకొకటి ఉంది. 1969 రాష్ట్రపతి ఎన్నిక. కాంగ్రెస్ అధికారిక అభ్యర్థి అనంతపురం జిల్లాకు చెందిన నీలం సంజీవరెడ్డి. స్వతంత్రుడిగా నిలబడింది బరంపురం తెలుగు కుటుంబంలో పుట్టిన వి.వి.గిరి. ప్రధాని ఇందిరాగాంధీ ఆత్మప్రబోధం ప్రకారం ఓటేయమన్నారు. స్వతంత్ర పార్టీ, జనసంఘ్ తమ మొదటి ఓటు సి.డి.దేశ్‌ముఖ్‌కి వేశాయి. ఎంపీ, ఎమ్మెల్యేల ఓట్ల విలువ ప్రకారం మొదటి లెక్కలో గిరికి 4,01,515, సంజీవరెడ్డికి 3,13,548, దేశ్‌ముఖ్‌కి 1,12,769. కోటా 4,18,169. ఎవరికీ రాలేదు.

మిగతావాళ్ల ఓట్లు పంచాక సంజీవరెడ్డికి దాదాపు 92 వేలు కలిశాయి. గిరికి కలిసింది పద్దెనిమిదిన్నర వేలే. అయినా గిరికి అది చాలింది. 4,20,077కి చేరి గట్టెక్కారు. సంజీవరెడ్డి 4,05,427 దగ్గర ఆగిపోయారు. రెండో ఓట్లలో అయిదు రెట్లు ఎక్కువ తెచ్చుకున్నా ఓడిపోయిన మనిషి ఆయన. (1977లో అదే పదవికి పోటీ లేకుండా ఎన్నికయ్యారు.) రెండో ఓటు ముఖ్యమే, కానీ మొదటి ఓటు పునాది లేకపోతే అదొక్కటే నిలబెట్టదు. ప్రచారం చేసేవాళ్లకు ఈ లెక్క బాగా తెలుసు. అందుకే 'ఒకటి మాకే' అని అంత గట్టిగా అడుగుతారు.

సూర్యాపేట_శ్రావణి

ఎంత ఓపిగ్గా చెప్పారండీ, ధన్యవాదాలు. మాస్టారూ, ఒక్క విషయం మాత్రం మింగుడుపడటం లేదు. కరీంనగర్‌లో 28 వేల ఓట్లు చెల్లలేదు అన్నారు. వేసినవాళ్లంతా డిగ్రీ చదివినవాళ్లే కదా, ఎందుకు చెల్లలేదు?

లెక్కల_మాస్టారు

అడిగావు కాబట్టి బల్ల దగ్గర కూర్చున్నప్పుడు చూసింది చెప్తాను.

పెట్టెల్లోంచి వచ్చిన కాగితాలన్నీ కలిపేసి 25 చొప్పున కట్టలు కడతారు. ఒక్కో టేబుల్‌కి కట్టలు వస్తాయి. ఎదురుగా జాలీ అవతల ఏజెంట్లు మెడలు చాచి చూస్తుంటారు. కాగితం మామూలు సైజు కాదు. 2021లో మీ నియోజకవర్గంలో 71 మంది, హైదరాబాద్ వైపు 93 మంది పోటీ చేశారు. అంతమంది పేర్లూ, ఫోటోలూ ఎక్కాలంటే దినపత్రికలా విప్పి చూడాల్సిందే. విప్పి, 1 ఎక్కడుందో వెతికి, ఏజెంట్లకు చూపించి, ఆ గూటిలో పెట్టాలి.

కొందరు 1కి బదులు టిక్కు పెడతారు. చెల్లదు. కొందరు ఇద్దరికీ 1 వేస్తారు. చెల్లదు. 'ఒకటి' అని అక్షరాల్లో రాసినవి కనిపిస్తాయి, కింద సంతకం పెట్టినవి కనిపిస్తాయి, వేలిముద్ర వేసినవి కూడా. అవేవీ చెల్లవు. 1 లేకుండా నేరుగా 2తో మొదలుపెట్టినవి ఉంటాయి, అవీ పోయినట్టే. పోలింగ్ కేంద్రంలో ఇచ్చే ఊదారంగు స్కెచ్ పెన్ను వదిలేసి జేబులోని బాల్ పెన్నుతో రాస్తే అదీ పోతుంది. ఒక కాగితం మీద అభ్యర్థి ఫోటో పక్కన ముత్యాల్లాంటి అక్షరాలతో 'ఉద్యోగ నోటిఫికేషన్లు ఇవ్వండి' అని రాసి ఉంది. 1 కూడా చక్కగా వేశాడు ఆ పిల్లాడు. పక్కన పెట్టేయక తప్పలేదు. ఎంతో ఆశతో వచ్చి వేసిన ఓటది, చెయ్యి రాలేదు నాకు.

ఇంకో మాట. అంకెలు 1, 2 అనే వేయాలని లేదు, రోమన్ అంకెలు వేసినా, తెలుగు అంకెలు ౧, ౨ వేసినా చెల్లుతుంది. 1 సరిగ్గా ఉండి, 2 ఇద్దరికి వేశావనుకో, 1 వరకూ చెల్లుతుంది, అక్కడి నుంచి ఆగిపోతుంది.

మెల్బోర్న్_కిరణ్

నమస్తే. నేను ఖమ్మం నుంచి వచ్చి ఆస్ట్రేలియాలో స్థిరపడ్డాను, ఇక్కడి పౌరసత్వం తీసుకున్నాక ఇలాగే ఓటేస్తున్నాను. ఇక్కడ ఫెడరల్ దిగువసభకు ప్రాధాన్యత ఓటే, అదీ 1918 నుంచి. బ్యాలెట్ మీద ఉన్న అందరికీ అంకెలు వేయాల్సిందే, మధ్యలో ఆపితే చెల్లదు. ఓటు వేయడం కూడా తప్పనిసరి. కారణం లేకుండా మానేస్తే 20 డాలర్ల జరిమానా.

అన్ని గడులూ నింపాలన్నా ఇక్కడ చెల్లని ఓట్లు నూటికి అయిదు చుట్టుపక్కలే ఉంటాయి. మాస్టారు చెప్పిన కరీంనగర్ లెక్క వేసి చూశాను, నూటికి పదకొండు దాటింది. చదువులో తేడా ఏం కాదిది, నేర్పడంలో తేడా. పోలింగ్ కేంద్రం బయట ప్రతి పార్టీ వాలంటీరూ ఒక కార్డు చేతిలో పెడతాడు. అందులో బ్యాలెట్ నమూనా ఉంటుంది: మాకు 1, ఫలానా పార్టీకి 2, ఫలానా వాళ్లకి అన్నిటికన్నా చివర. వాళ్ల రెండో ఎంపిక ఎవరో బహిరంగంగా అచ్చువేసి పంచుతారు. నచ్చితే పాటిస్తాం, లేకపోతే మన ఇష్టం.

2022లో ఇక్కడి లేబర్ పార్టీకి మొదటి ప్రాధాన్యత ఓట్లు నూటికి 33 కూడా రాలేదు. కానీ 151 సీట్లలో 77 గెలిచి ప్రభుత్వం ఏర్పాటు చేసింది. చిన్న పార్టీలకు 1 వేసిన చాలామంది లేబర్‌కి తర్వాతి అంకె వేయడం వల్లే అది కుదిరింది. చిన్న పార్టీకి వేస్తే ఓటు వృథా అన్న భయం ఇక్కడ నాకు పోయింది.

గోదారి_గట్టు

కిరణ్‌గారు చెప్పింది చదివాక నా వాదన ఇంకాస్త గట్టిపడింది. పద్ధతి మంచిదే అయితే డిగ్రీవాళ్లకే ఎందుకు, అసెంబ్లీకే పెట్టొచ్చుగా? మన రాష్ట్రంలో 2019లో టీడీపీకి నూటికి 39 ఓట్లు వస్తే 23 సీట్లు. 2024లో వైఎస్సార్సీపీకి కూడా 39 పైనే వస్తే 11 సీట్లు. తెలంగాణలో 2023లో కాంగ్రెస్‌కి అదే 39 వస్తే 64 సీట్లతో ప్రభుత్వం! అదే 39 ఒకచోట అధికారం, ఇంకోచోట ప్రతిపక్ష హోదా కూడా లేదు.

పాత_పేపర్లు

ఆ తేడాకు కారణం ఎదుటివాళ్ల ఓటు చీలిందా, ఒక్కటైందా అన్నదే. 2024లో టీడీపీ, జనసేన, బీజేపీ కలిసి పోటీ చేశాయి. తెలంగాణలో 2023లో మూడు పార్టీలు విడివిడిగా తలపడ్డాయి. ప్రాధాన్యత ఓటు ఉంటే పొత్తు నాయకుల గదిలో కుదరక్కర్లేదు, ఓటరే తన కాగితం మీద కుదుర్చుకుంటాడు. కాకపోతే ఎవరు ఎంత శాతానికి అన్ని సీట్లు అన్న తేడాను అది పూర్తిగా పోగొట్టదు, ఆస్ట్రేలియా లెక్కే అందుకు సాక్ష్యం. పైగా అసెంబ్లీ అంటే రాష్ట్రమంతా కోట్ల కాగితాలు. ఒక్క పట్టభద్రుల స్థానం లెక్కకే రోజులు పడుతోంది.

నీలగిరి_నర్సన్న

కాగితం సైజు మాట వచ్చింది కనుక చెప్తున్నా. 1996లో మా నల్లగొండ పార్లమెంటుకు 480 మంది పోటీ చేశారు. ఫ్లోరైడ్ నీళ్లతో నడుములు వంగిపోయి, పళ్లు గారపట్టి, ఎవరికి మొరపెట్టుకున్నా పలకకపోతే జలసాధన సమితి తరఫున జనం గుంపులుగా నామినేషన్లు వేశారు. బ్యాలెట్ పుస్తకమంత అయింది, ఎన్నికే వాయిదా పడింది. తర్వాత డిపాజిట్ లోక్‌సభకు 500 నుంచి 10,000 చేశారు. మళ్లీ 2019లో నిజామాబాద్ పసుపు, ఎర్రజొన్న రైతులు అదే దారి పట్టారు, 185 మంది బరిలో ఉన్నారు. వాళ్లెవరూ గెలుస్తామని నిలబడలేదు, మా గోస వినండని నిలబడ్డారు.

నేను ఒకే అంకె వేసేదీ అందుకే. ఓటు గెలిపించడానికి మాత్రమే కాదు, చెప్పడానికి కూడా.

ఓరుగల్లు_లెక్చరర్

నర్సన్నగారూ, మీ మాట గౌరవిస్తాను. కానీ ప్రచారం ఎలా జరుగుతుందో దగ్గరగా చూసినదాన్ని కాబట్టి ఒక మాట. నేను ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో పనిచేసినప్పుడు, ఎన్నిక వచ్చిందంటే యాజమాన్యమే మా డిగ్రీ జిరాక్సులు తీసుకుని నమోదు చేయించేది. తర్వాత 'ఆత్మీయ సమ్మేళనం' అని భోజనాలకు పిలిచేవారు. ఇంతమంది ఓటర్లకు ఒక ఇన్‌ఛార్జి అని పెట్టుకుని పొద్దున వాకింగ్ దగ్గర, సాయంత్రం ఫోన్లో వదలరు. గుర్తులు ఉండవు కాబట్టి బ్యాలెట్‌లో సీరియల్ నంబర్ నోటికొచ్చేదాకా చెప్పిస్తారు. 'మన సార్‌కి ఒక్కటే వెయ్యండి, ఇంకేం రాయొద్దు' అన్నది ప్రతి మీటింగ్‌లో ఆఖరి మాట. జీతం ఇచ్చే చోట ఆ మాట వింటే చిన్న లెక్చరర్ ఏమంటుంది?

మీరు ఆలోచించి ఒక్కటితో ఆపుతున్నారు. మాలాంటి వాళ్లను ఆలోచించనీయకుండా ఆపారు. బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి, అదే నా బాధ. శ్రావణీ, నీ ఓటు నువ్వే నమోదు చేసుకో. ఫారం 18 నింపి, నువ్వే ఇవ్వు. పోయినసారి జాబితాలో పేరున్నా సరే, ఈ ఎన్నికకు జాబితా ప్రతిసారీ కొత్తగా తయారవుతుంది. నమోదుకు నవంబర్ 1 లెక్క. ఆ తేదీకి డిగ్రీ పూర్తయి మూడేళ్లు నిండి ఉండాలి. లోపల నువ్వు ఏ అంకెలు వేశావో ఎవరికీ తెలిసే మార్గం లేదు, ఎవరు బెదిరించినా భయపడకు.

సూర్యాపేట_శ్రావణి

తప్పకుండా మేడమ్. మా తమ్ముడు ఇప్పుడే డిగ్రీ అయిపోగొట్టాడు, వాడికి ఇంకా టైముందన్నమాట. కిరణ్ అన్న చెప్పిన కార్డుల సంగతి నాకు బాగా నచ్చింది. ఇక్కడ అభ్యర్థులు మీటింగ్ పెట్టినప్పుడు లేచి అడగొచ్చా: 'మీరు గెలవకపోతే మా రెండో ఓటు ఎవరికి వేయమంటారు?' అని?

ఓరుగల్లు_లెక్చరర్

అడుగు. చాలామంది 'మేమే గెలుస్తాం, ఆ అవసరం రాదు' అని దాటేస్తారు. ఓటమి ఒప్పుకున్నట్టు ఉంటుందని వాళ్ల భయం. కానీ రాయలసీమలో బహిరంగంగా చెప్పుకున్నవాళ్లు ఉన్నారుగా, ఇక్కడ ఎందుకు చెప్పకూడదు? ఒకరు అడిగితే దాటేస్తారు, హాల్లో పదిమంది అడిగితే ఏదో ఒకటి చెప్పక తప్పదు.

నీలగిరి_నర్సన్న

ఈ ప్రశ్న మా దగ్గర నేనే అడుగుతాను బిడ్డా. ఉద్యోగాల మీద, కాలేజీల ఫీజు బకాయిల మీద తన మాటకు దగ్గరగా ఉన్నవాడు ఫలానా అని పేరు పెట్టి, కారణం చెప్పిన అభ్యర్థి దొరికితే, అప్పుడు నా కాగితం మీద రెండో అంకె సంగతి ఆలోచిస్తాను. అంతవరకు నాది ఒకటే.